మంచిరోజున తీసిన నకలు

పటాన్‌చెరులో హైవే పక్కన నాకొక షాపు ఉంది. బోర్డు మీద కంప్యూటర్ రిపేర్ అని రాసి ఉంటుంది. రుద్రారం నుంచి హాస్టల్ పిల్లలు పగిలిన స్క్రీన్లు పట్టుకుని వచ్చి, "మేడం, ఇంట్ల తెల్వద్దు, జల్దీ చేయండి" అంటారు. షాపు కిరాయి వాళ్ల మీదే గడుస్తుంది. నా అసలు పని మాత్రం వేరు. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో పాత యంత్రాలుంటాయి. ఒక్కో యంత్రం కడుపులో ఒక పాత కంప్యూటర్ ఉంటుంది. యంత్రం ఇంకో తరం నడిచేలా ఉంటుంది, కంప్యూటర్ మాత్రం రేపో మాపో అన్నట్టుంటుంది. అది పోయేలోపు దాని డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా నకలు తీసి దాచిపెడతాను. పోయాక ఆ ఫైలును కొత్త డిస్కు మీదికి దించి, యంత్రంలో పెట్టి లేపుతాను. ఈ సంగతి ఇంట్లో చాలాసార్లు చెప్పాను. మా అత్తగారు మాత్రం పటేల్‌గూడ చుట్టాలందరికీ నేను ఫోన్లకు గ్లాసులు అతికిస్తానని చెబుతుంది.

నకలును ఊరికే దాచిపెడితే అది బతికుందో లేదో తెలియదు. అందుకని దాన్ని వర్చువల్ మెషీన్‌గా మారుస్తాను. అంటే నా ల్యాప్‌టాప్ లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ను తయారుచేసి, అందులో నకలును లేపి చూస్తాను. అది లేచి, తానింకా ఫ్యాక్టరీలోనే ఉన్నాననుకుని, మోటారు ఏది, కెమెరా ఏది అని అడుగుతుంది. అలా అడిగిందంటే ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. ఆపేసి, ఆ ఫైలును భద్రం చేసి, యజమానికి ఫోన్ చేసి చెబుతాను. సగంమంది యజమానులు "ఏ నకలు?" అంటారు.

సంగారెడ్డి మార్కెట్ యార్డు వెనక ఉన్న పప్పు మిల్లు యజమాని అలా అనలేదు. ఆయన్ని బజారంతా సేటు అంటుంది, నేనూ అంతే. తాత కాలం నుంచి వాళ్లది కందుల వ్యాపారం. ఆయన మిల్లులో ఒక కలర్ సార్టర్ ఉంది. పప్పు పైనుంచి వాలుగా ఉన్న రేకు మీద జారి పడుతుంటే, కెమెరా ఒక్కో బద్దనూ చూస్తుంది. మచ్చ ఉన్న బద్ద కనబడితే ఒక గాలి దెబ్బ కొట్టి పక్క తొట్టిలోకి తోసేస్తుంది. ఎంత మచ్చను మచ్చ అనాలో యంత్రానికి మనిషి నేర్పాలి. సేటు దాని పక్కన ఒక సీజన్ మొత్తం కూర్చుని నేర్పాడు. పప్పును చూస్తూ బటన్ నొక్కడమే తప్ప, స్క్రీన్ మీద అంకె ఎంతుందో ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. ఆ సీజన్ తర్వాత ఆయన పప్పుకు సదాశివపేట దాకా పేరు వచ్చింది.

సెట్టింగులను వేర్వేరు పేర్లతో దాచుకోవచ్చని నేనొకసారి చెప్పాను. ఆయన ఒక్కటే పెట్టుకుని, అవసరమైనప్పుడు దాన్నే అటూ ఇటూ జరుపుకునేవాడు.

"రెండు ఎందుకు బిడ్డా? దుకానంల రెండు త్రాసులు పెట్టుకున్నోని దగ్గర ఎవ్వడన్న కొంటడా?" అన్నాడు.

ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటర్ పుస్తకాలు రాసినవాళ్ల దగ్గర కూడా ఉండదనుకుంటాను.

ఆయన కుర్చీ యంత్రానికి వీపు పెట్టి ఉండేది. వచ్చినవాళ్లతో బేరాలాడుతూ, మధ్యలో తల తిప్పకుండానే "లైటు మీద దుమ్ము పట్టింది, తుడువుండ్రి" అని కేకేసేవాడు. తుడిచేవాళ్లు. అప్పట్లో నేను దాన్ని ముసలివాళ్లకుండే అనుమానం కింద జమకట్టాను.

కంప్యూటర్ డిస్కు గరగరమంటోందని తెలిశాక నకలు తీద్దామన్నాను. సరేనన్నాడు, కానీ మంచిరోజు చూడాలన్నాడు. డిస్కు నకలుకు ముహూర్తం ఏమిటని నాకు ఒళ్లు మండింది. ఆ గరగర చూస్తే ముహూర్తం దాకా అది ఉంటుందన్న నమ్మకం లేదు. అయినా సేటు ఇంటివాళ్లు పూజారి అయ్యగారిని అడిగి, తిథి, వారం చూసి ఒక రోజు ఖాయం చేశారు. ఆ రోజు నేను వెళ్లేసరికి కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. బియ్యం గింజలు కీబోర్డు సందుల్లో పడ్డాయి. వాటిని గుండుసూదితో తీసి, నకలు తీసుకుని, షాపుకు తెచ్చి, వర్చువల్ మెషీన్‌గా మార్చి లేపాను. కెమెరా ఏదని అడిగింది. సేటుకు ఫోన్ చేసి బాగుందని చెప్పాను.

"మంచిరోజు గదా," అన్నాడాయన.

పాత డిస్కు ఆ తర్వాత కూడా చాలాకాలం గరగరమంటూనే పనిచేసింది. అంతకంటే ముందు సేటు కళ్లు పోయాయి. షుగర్ వల్ల మెల్లగా మసకబారి, ఆపరేషన్ చేయించినా నిలవలేదు. వెలుతురు ఎటు ఉందో తెలుస్తుంది, అంతే. అయినా రోజూ పొద్దున్నే కొడుకు బండి వెనక కూర్చుని మిల్లుకు వచ్చేవాడు. పప్పును పిడికిట్లోకి తీసుకుని నలిపి, తేమ ఎంతుందో చెప్పేవాడు. మచ్చల సంగతి మాత్రం యంత్రం చూసుకునేది. "నా కండ్లు గీ డబ్బల పెట్టిన, మంచిగనే చేసిన" అని వచ్చినవాళ్లతో నవ్వుతూ అనేవాడు. వచ్చినవాళ్లకు నవ్వాలో వద్దో తెలిసేది కాదు.

మొన్న వానాకాలంలో ఒక సోమవారం ఆయన ఫోన్ చేశాడు.

"బిడ్డా, మిషిన్ల కంప్యూటర్ పోయింది. పొద్దుగాల్ల టకటకమన్నది, ఇగ లేస్తలేదు. నకలు ఉన్నదా, పారేసినవా?"

"ఉన్నది సేటూ. యాడికి పోతది?"

"అయితే జెర జల్దీ రా. బుధవారం కొత్త మిషిన్ ఏజెంటు వస్తడట. పోరడు సంతకం పెడ్తనంటున్నడు. కొత్తదానికి ఎవ్వలు నేర్పే పని లేదట, అదే అన్ని చూసుకుంటదట. నన్ను ఇగ ఇంట్ల కూసోమంటున్నడు."

ఫోన్ చెవికి పెట్టుకునే నకలు కోసం అల్మారా తెరిచాను. ఆయనే మళ్లీ అన్నాడు.

"ఇంట్ల కూసొని ఏం చెయ్యాలె? గోడలు చూడాల్నా? అవి గూడ కనవడయి."

కొడుకు చెడ్డవాడని కాదు. నెల కిందట తండ్రి మిల్లులో బస్తా తట్టుకుని పడ్డాడు. మోకాలు పగిలింది. ఆ రోజు నుంచి ఆ అబ్బాయికి తండ్రి మిల్లులో ఉన్నంతసేపూ భయంగానే ఉండేది. కొత్త యంత్రం వస్తే తండ్రిని ఇంట్లో ఉంచడానికి మర్యాదైన కారణం దొరుకుతుంది. కొడుకు సంగతి నాకు అర్థమైంది. తండ్రి మాట విన్నాక మాత్రం రాత్రి అన్నం సయించలేదు.

నకలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది కదా, అక్కడే నడపవచ్చు కదా అని అందరూ అడుగుతారు. నడపలేం. యంత్రానికీ కంప్యూటర్‌కూ మధ్య ఒక పాత కార్డు ఉంటుంది. అది ఆ పాత పెట్టె లోపలి అరలోనే కూర్చుంటుంది. కనుక ఉత్తుత్తి డిస్కును నిజం డిస్కుగా మార్చక తప్పదు. ఫైలు నుంచి ఒక్కో ముక్కనూ విప్పి, వరస తప్పకుండా కొత్త డిస్కు మీద రాయించాలి. కొత్త డిస్కు పాతదానికంటే వెంట్రుకవాసి చిన్నదైనా పని చెడుతుంది. ఇలాంటి పనుల కోసమే దాచిన డిస్కు ఒకటి తీసి, పాత పెట్టెకు సరిపడే అడాప్టర్ తగిలించి, అంతా రాయించి, మంగళవారం సంగారెడ్డి బస్సెక్కాను.

మిల్లులో సేటు భార్య ఎదురొచ్చింది. ఆమె రోజూ వచ్చి పనివాళ్లకు ఛాయ్ పోయించి, చాటలో పప్పు చూసి వెళ్తుంది. మిల్లులో అందరూ ఆమెను అమ్మ అంటారు.

"ఇయ్యాల అమావాస్య బిడ్డా, అది గూడ మంగళవారం. రేపు పెట్టుకోరాదు?" అంది.

నేను క్యాలెండర్లో గ్యాస్ బండ తెచ్చిన తారీఖు తప్ప ఇంకేమీ చూడను. "రేపు ఏజెంటు వస్తడు గదమ్మా" అన్నాను. ఆమె ఒక నిమ్మకాయ తెచ్చి కంప్యూటర్ మీద పెట్టి పక్కకు జరిగింది.

డిస్కు పెట్టి స్విచ్ వేశాను. తెర అంతా నీలంగా మారి, మీద తెల్లటి అక్షరాలు వచ్చి ఆగిపోయింది. అమ్మ నిమ్మకాయ వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు.

ఇది దయ్యం పని కాదు. ల్యాప్‌టాప్‌లో లేపినప్పుడు ఆ నకలుకు ఉత్తుత్తి కంప్యూటర్ తాలూకు డ్రైవర్లు, అంటే దాని భాగాలతో మాట్లాడే చిన్న ప్రోగ్రాములు, పెట్టాను. సొంత పెట్టెలోకి తిరిగొచ్చినా అది వాటినే వెతుకుతోంది. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల అత్తగారి వంటింట్లో ఉప్పు డబ్బా ఉండే చోటే చేయి పెట్టినట్టు. డిస్కును మళ్లీ ల్యాప్‌టాప్‌కు తగిలించి, పాత డ్రైవర్లను తిరిగి పనిలో పెట్టి, కొత్తవాటిని నిద్రపుచ్చాను. ఈసారి లేచింది. పాత గోడబొమ్మ, పాత గడియారం, మధ్యలో సార్టర్ బొమ్మ. కెమెరా ఏదని అడగలేదు. కెమెరా ఎదురుగానే ఉంది.

"లేసిందా?" అన్నాడు సేటు, కుర్చీలోంచి.

"లేసింది సేటూ."

"మంచిరోజు తీసినం గద."

చిన్న సేటు, అంటే కొడుకు, పనివాడికి సైగ చేశాడు. పైన కందిపప్పు బస్తా కుమ్మరించారు. పప్పు జారడం మొదలైంది. గాలి దెబ్బలు మొదలయ్యాయి, రేకుల కప్పు మీద వడగండ్ల వాన పడ్డట్టు. చూస్తుండగానే చెత్త తొట్టి నిండింది. మంచి పప్పు తొట్టిలో అడుగు కూడా నిండలేదు. చెత్తలోంచి గుప్పెడు తీసి చూశాను. మా ఇంట్లో ఆ పప్పు వండితే మా అత్తగారు కూడా వంక పెట్టదు, అంత బాగుంది. కెమెరా అద్దం తుడిచాను. లైట్లు చూశాను. మళ్లీ నడిపితే మళ్లీ అంతే. పప్పులో కాలేయడం అనే మాటకు ఆ రోజు నాకు అర్థం బాగా తెలిసింది.

అమ్మ మంచి తొట్టిలోంచి కాస్త పప్పు చాటలో పోసుకుని, వాకిట్లో వెలుతురుకు తీసుకెళ్లి చూసింది. తిరిగొచ్చి భర్త పక్కన నిలబడింది.

"ఇది మన పప్పు కాదు. దేవుని పప్పు," అంది.

సేటు ముఖం మారిపోయింది. నాకు మాత్రం ఆమె విడమరచి చెప్పాకే అర్థమైంది. వాళ్లు ఏటా బొంతపల్లి వీరభద్రుడి గుడిలో అన్నదానానికి ఒక బస్తా పప్పు పంపిస్తారు. ఆ బస్తా నడిపేటప్పుడు సేటు యంత్రాన్ని బాగా బిగిస్తాడు. వెంట్రుకంత మచ్చ ఉన్నా బద్ద పక్కకు పోవాల్సిందే. దేవుడి బస్తా అయ్యాక మళ్లీ బజారుకు తగ్గట్టు వదులు చేస్తాడు. దేవుడి బస్తా కూడా మంచిరోజునే నడపాలి. ఒక మంచిరోజు దొరికితే దాన్ని ఒక్క పనికే వాడటం వ్యాపారస్తుడికి దుబారా. ఆ రోజు పొద్దున దేవుడి బస్తా నడిపారు, వెంటనే నాతో నకలు తీయించారు. నేను వెళ్లిపోయాక యంత్రాన్ని వదులు చేసుకున్నారు. ఆ వదులు సంగతి పాత డిస్కుకు తెలుసు. నా నకలుకు తెలియదు.

"దేవుని సెట్టింగ్ మీద మార్కెట్‌కు ఎట్ల నడుపుతం నాయినా?" అన్నాడు చిన్న సేటు. అతని గొంతులో వెటకారం లేదు, జాలి ఉంది. అదే ఎక్కువ బాధగా అనిపించింది. "ఎంతకు దించాల్నో నీకు యాదికి ఉన్నదా?"

"అంకె నేనెన్నడు చూసిన్రా? పప్పును చూసేటోన్ని."

ఆయన కళ్లు నా అల్మారాలో భద్రంగా ఉన్నాయని ఇన్నాళ్లూ గర్వంగా ఉండేది. తీరా చూస్తే అక్కడున్నవి ఒక్క పూట కళ్లు, అదీ దేవుడి ముందు నిలబడ్డ పూట. రోజూ బజారుకు పప్పు పంపిన కళ్లు పాత డిస్కుతోపాటే పోయాయి. కొత్తగా నేర్పడానికి ఆయనకిప్పుడు చూపు లేదు. చిన్న సేటు జేబులోంచి ఫోన్ తీశాడు. ఏజెంటుకే చేస్తాడని అందరికీ తెలుసు.

"ఫోన్ లోపల పెట్టు," అన్నాడు సేటు. "ఇంకో బస్తా పొయ్యుండ్రి. జల్లెడ మోటరు బంద్ చెయ్యుండ్రి, ఫ్యాన్లు గూడ. అందరు నోర్లు మూసుకోండ్రి."

ఆపేశారు. పప్పు జారుతున్న శబ్దం, గాలి దెబ్బల శబ్దం, అంతే మిగిలాయి. సేటు కుర్చీలో ఎప్పటిలాగే యంత్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. తల కొంచెం వంచాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, దుమ్ము పట్టిందని తల తిప్పకుండా ఆయన కేకలేయడం.

"దించు," అన్నాడు. చిన్న సేటు స్క్రీన్ దగ్గర బటన్ నొక్కాడు.

"ఇంక. ఇంక దించు. అరె, బాయిల బకెట్ దించుతున్నవా? మెల్లగ."

వడగండ్లు వానగా మారాయి. వాన సన్నబడింది. ఒక దగ్గర సేటు చేయి పైకెత్తాడు, మళ్లీ దించాడు.

"ఎక్కువైంది. ఎన్కకు రా. జెర. ఆగు."

యంత్రం టప్‌మంటోంది, ఊపిరి తీసుకుంటోంది, మళ్లీ టప్‌మంటోంది. మంచి తొట్టిలో పప్పు మామూలుగా నిండుతోంది.

"గదే," అన్నాడు. "ఇన్నేండ్లు నా ఈపు ఎన్క ఇనవడ్డది గదే."

అమ్మ చాటలో పోసుకుని చూసింది. "మచ్చవి రెండు మూడు ఉన్నయి," అంది.

"ఉండాలె. ఒక్కటి గూడ లేకపోతె గిరాకి పాలిష్ కొట్టిండ్రనుకుంటడు."

చిన్న సేటు గోదాములోకి వెళ్లి, డిస్కు పోకముందు నింపిన బస్తాలోంచి ఒక గుప్పెడు తెచ్చాడు. ఒక అరచేతిలో అది, ఇంకో అరచేతిలో ఇది. వాకిట్లో నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత రెండు చేతులూ కలిపేసి, పప్పును తొట్టిలో పోసి, చేతులు దులుపుకున్నాడు.

"ఒక్కతీరుగనే ఉన్నది నాయినా," అన్నాడు. ఫోన్ తీసుకుని బయటికి వెళ్లి, ఏజెంటుతో ఈ యేడు వద్దని చెప్పాడు. లోపలికి వచ్చేటప్పుడు దారిలో అడ్డంగా ఉన్న బస్తాలను తనే గోడవైపు జరిపించాడు. ఆ పని నెల కిందటే చేసి ఉండొచ్చని నాకు అనిపించింది కానీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

నేను సామాను సర్దుకుంటుంటే సేటు పిలిచాడు.

"బిడ్డా, నకలు తియ్యి."

"ఇప్పుడే తియ్యనా?"

అమ్మ వెంటనే అందుకుంది. "ఇప్పుడు వద్దు, రాహుకాలం నడుస్తున్నది. అమావాస్య, మంగళవారం, రాహుకాలం. ఇంతకన్న చెడ్డ గడియ ఉంటదా? శుక్రవారం తీపిద్దాం."

"అందుకే ఇప్పుడే తియ్యమంటున్న," అన్నాడు సేటు. "మంచిరోజు చూసి తీపిస్తె దేవునిది పడ్డది. బతికేది రోజువారిగ గద. గిసుంటి రోజే తియ్యాలె."

తీశాను. అమ్మ నిమ్మకాయను మాత్రం కదలనివ్వలేదు. నకలు పూర్తయ్యాక, అక్కడే బస్తా మీద కూర్చుని దాన్ని వర్చువల్ మెషీన్‌గా మార్చి ల్యాప్‌టాప్‌లో లేపాను. ఎప్పటిలాగే లేచి, ఎప్పటిలాగే అడిగింది.

"ఏమంటున్నది?" అన్నాడు సేటు.

"కెమెరా లేదంటున్నది సేటూ. కండ్లు ఏవని అడుగుతున్నది."

సేటు అన్నాడు, "నన్ను గూడ అందరు గదే అడుగుతున్నరు. చెవులున్నయని చెప్పు."